ఇరవై ఒక్క నోళ్ళు

"అట్ల కాదు శ్రావణీ, ఆ ముక్క కొట్టెయ్యి. వెంకట్రాజం ఒప్పుకున్నడు అని రాస్తే అయిపాయె, ఇగ మిగిలింది ఎవరింటరు? ఆయన ఒప్పుకోలే బిడ్డా. ఒప్పుకోలేదని చెప్పుడు ఆయనకు రాలే. గంతే. నేను జర మెల్లగ చెప్త, నువ్వు మెల్లగ రాయి. మొదటికెల్లి రాయి."

వరంగల్ కొత్తవాడలో జంపఖానాల నేతగాళ్ళ సంఘానికి వెంకట్రాజం పద్నాలుగేళ్ళుగా అధ్యక్షుడు. సంఘం ఆఫీసంటే ఒక రేకుల గది. దాన్ని ఆనుకునే నూలు డిపో. నేతగాళ్ళు వారానికోసారి డిపోకు వచ్చి తమ మగ్గానికి సరిపడా నూలు తీసుకుపోతారు. ఒకరు నెత్తిన పెట్టుకుని, ఒకరు సైకిలు వెనక కట్టుకుని. ఎక్కువ తెచ్చి దాచుకుందామంటే ఎవరింట్లోనూ జాగా లేదు. మగ్గమే సగం ఇల్లు తింటుంది. డిపో తెరిచి ఉంటే మగ్గం ఆడుతుంది, మూస్తే ఆగుతుంది.

ఆ డిపో పెట్టిందీ, నూలు పంపేదీ హైదరాబాదులోని సమాఖ్య. దాని కింద ముప్పై సంఘాలు ఉన్నాయి. ఇదివరకు సమాఖ్య మీటింగు ఉందంటే వెంకట్రాజం ఇంకో ఇద్దరు మగవాళ్ళను వెంటబెట్టుకుని రైలెక్కేవాడు. పోయిన రోజు, వచ్చిన రోజు, ఒళ్ళునొప్పులు తీరిన రోజు. మూడు రోజులు మూడు మగ్గాలు పండుకునేవి. రెండేళ్ళ కింద సమాఖ్యవాళ్ళు ఈ రాకపోకల ఖర్చు ఎందుకని ప్రతి సంఘానికీ ఒక పెద్ద టీవీ, దాని నెత్తిన ఒక కెమెరా పంపారు. ఇక మీటింగులన్నీ అందులోనే.

వెంకట్రాజానికి అది నచ్చింది. దాచేదేముంది, అందరికీ నచ్చింది. గుమస్తా రమ మీట నొక్కితే పాలమూరు నేతగాళ్ళు ఒక గడిలో, కరీంనగర్ వాళ్ళు ఒక గడిలో కనబడేవారు. ఒకసారి ఎర్రరంగు వెలిసిపోతోందని టీవీ ముందు జంపఖానా ఎత్తి చూపిస్తే, ఎక్కడో ఉన్న రంగులద్దే ఆయన నూలు ఉడికించే నీళ్ళు మార్చమని చెప్పాడు. మార్చారు, రంగు నిలిచింది. అన్నిటికంటే మంచి సంగతి, ఆడవాళ్ళు కూడా మీటింగుకు రాగలిగారు. భర్త పోయాక ఆయన మగ్గం మీద తానే కూర్చున్న సోమక్క, జన్మలో హైదరాబాదు మీటింగు చూడని మనిషి, మొదటి రోజే ముందు వరసలో చాప పరుచుకుంది.

ఇక్కడ సంఘం పద్ధతి ఒకటి చెప్పాలి. ఎవరైనా వచ్చి ఒక సంగతి ముందు పెట్టినప్పుడు, అది నచ్చితే పెద్దమనిషి "మంచిది" అంటాడు, తక్కినవాళ్ళు అందుకుంటారు. నచ్చకపోతే ఎవరూ ఏమీ అనరు. తలలు వంచుకుని కూర్చుంటారు. చాయ్ వచ్చినా ముట్టరు. ఇంటికొచ్చిన మనిషి మొహం మీద ఒద్దనడం వాళ్ళకు చేతకాదు. పైగా మొదట ఒద్దన్నవాడొక్కడే చెడ్డవాడవుతాడు. అందరూ ఊరుకుంటే ఎవరూ కారు. పాత ఆఫీసర్లకు ఇది తెలుసు. చల్లారిపోతున్న చాయ్ గ్లాసుల వంక చూసి, "సరే, మళ్ళీ చూద్దాం" అని ఫైలు మూసి లేచిపోయేవారు. డిపోను ఊరి బయటికి మారుస్తామని వచ్చిన ఒకాయనను అలాగే రెండుసార్లు పంపించారు.

పోయిన నెల మీటింగుకు ముందే పుకారు వచ్చింది, డిపోలు ఎత్తేస్తారని. వెంకట్రాజం ఇంటింటికీ తిరిగి ఒకటే మాట చెప్పాడు.

"ఒక్కలు గూడ సప్పుడు చెయ్యద్దు. ఇరవై ఒక్కలం గప్‌చుప్‌గ కూసుంటె వాళ్ళకే సమజైతది."

ఆ రోజు టీవీలో కనబడింది రాంప్రసాద్ అనే కొత్త కార్యదర్శి. మెత్తగా మాట్లాడే మనిషి. డిపోలు మూసేస్తామనీ, నూలు కావలసినవాళ్ళు ఫోనులో రాసి పంపాలనీ, లారీకి సరిపడా పేర్లు వచ్చాక లారీ బయలుదేరుతుందనీ చెప్పాడు. అంటే నెలకో, రెండు నెలలకో. చెప్పి, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడిగాడు.

గదిలో ఇరవై ఒక్క తలలు వంగాయి. ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. సోమక్క ఒక్కతే "సారూ" అంటూ సగం లేచింది. వెంకట్రాజం చేయి చాపి కూర్చోమని సైగ చేశాడు. ఆమె అతని వంక చూసి, కొంగు సర్దుకుని కూర్చుంది.

కొత్తవాడవాళ్ళకు తన మాట వినిపిస్తోందా అని రాంప్రసాద్ అడిగాడు.

"మంచిగ వినిపిస్తాంది సార్," అంది రమ.

"సంతోషం," అని ఆయన తర్వాతి సంగతికి పోయాడు.

టీవీ ఆపాక అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంత గట్టిగా ఊరుకోవడం సంఘం పుట్టాక ఎప్పుడూ లేదని మురిసిపోయారు. వెంకట్రాజం అందరికీ చాయ్ తెప్పించాడు, ఆ చాయ్ ఆవిరి పోకముందే తాగారు.

నాలుగో రోజు రమ ఫోనుకు కాగితం వచ్చింది. కొత్తవాడ సంఘం ఏకగ్రీవంగా ఆమోదించింది, హాజరైనవారు ఇరవై ఒక్కరు, ఎవరికీ అభ్యంతరం లేదు. కింద వాళ్ళ ఫోటో కూడా ఉంది, తలలు వంచుకుని కూర్చున్నది. వెంకట్రాజం ఆ ఫోటోలో తన చాచిన చేయి వంక చాలాసేపు చూశాడు. రమ చదివింది మళ్ళీ చదివించుకున్నాడు. మూడోసారి చదవమనలేదు.

ఒకటో తారీఖు డిపోకు తాళం పడింది. పది రోజుల్లో సగం మగ్గాలు ఆగాయి. పడుగు మీద సగం నేసిన జంపఖానాలు దుమ్ము పట్టాయి. అప్పుడు సోమక్క వెంకట్రాజం ఇంటి ముందుకు వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"మాట్లాడనియ్యకపోతివి రాజమన్నా. నా నోరు నువ్వు మూస్తివి, డిపో వాళ్ళు మూసిండ్రు. నీకు వాళ్ళకు ఏం మాటున్నదో నాకెర్కలేదు."

మర్నాడే ఆమె తొర్రూరు దిక్కు పత్తి ఏరడానికి పోయింది. వెంకట్రాజం అమ్ముడుపోయాడని ఆమె నోట వచ్చిన మాట వాడలో నిలిచిపోయింది. ఆయన ఎదురుపడితే జనం పలకరించడం తగ్గించారు. ఆయన భార్య పూలమ్మ నల్లా దగ్గరికి పోవడం మానేసింది.

ఆయన రెండు రిజిస్టరు ఉత్తరాలు రాయించాడు. జవాబు రాలేదు. చివరికి ఒక్కడే పొద్దున్నే రైలెక్కి హైదరాబాదు పోయాడు. పద్నాలుగేళ్ళు తిరిగిన దారే. మూడో అంతస్తు ఎక్కి చూస్తే సమాఖ్య బోర్డు లేదు. గాజు తలుపు వెనక ఆడపిల్లలు ఒకరికొకరు జుట్టు ముడివేయడం నేర్చుకుంటున్నారు. తప్పు మెట్లు ఎక్కానేమోనని దిగి, మళ్ళీ ఎక్కాడు.

కింద వాచ్‌మన్ ఓంప్రకాశ్‌ది వరంగల్ పక్క నెక్కొండ. మాట యాస వినగానే కుర్చీ జరిపాడు.

"ఆఫీసు లేదు కాకా. కిరాయి దండుగని ఖాళీ జేసిండ్రు. అందరు ఇండ్లల్లకెల్లే పని చేస్తాన్నరు. ఇగో, వచ్చిన చిట్టీలన్ని గిండ్లనే ఏస్తాన్న."

మెట్ల కింద ఒక గోనెసంచి ఉంది. పైపైనే వెతికితే వెంకట్రాజం పంపిన రెండు ఉత్తరాలు దొరికాయి, చింపకుండా. ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. తిట్టడానికైనా ఒక బల్ల, ఒక మనిషి ఉంటాడనుకుని వచ్చాడు. దండం పెట్టడానికైనా గడప లేదు.

ఓంప్రకాశ్ నీళ్ళిచ్చి, తన ఫోనులోంచి రాంప్రసాద్‌కు కలిపాడు. ఆయన ఫోనులోనే కనబడ్డాడు, ఇంట్లో బనీను మీద ఉన్నాడు. వెంకట్రాజం సంఘం పద్ధతి మొత్తం చెప్పాడు. తలలు వంచడం, చాయ్ ముట్టకపోవడం, పాత ఆఫీసర్లు లేచిపోవడం. రాంప్రసాద్ అడ్డం రాకుండా విన్నాడు.

"నాకెలా తెలుస్తుందండీ వెంకట్రాజం గారూ? ఆ రోజు నా ముందు ముప్పై గడులున్నాయి. మీ గదిలో చాయ్ ఉందో లేదో నాకు కనబడదు కదా."

ఒక దారి మాత్రం చెప్పాడు. ఏకగ్రీవమని రాసినదాన్ని తిరగతోడాలంటే, ఆ రోజు హాజరైన ప్రతి మనిషీ వచ్చే మీటింగులో మొహం చూపించి, నోటితో ఒద్దని చెప్పాలి. ఒక్కరు తగ్గినా కుదరదు. ఆ మీటింగు దాటితే డిపో గది వేరేవాళ్ళకు అప్పగిస్తారు. ఎక్కడినుంచైనా ఫోనులో చేరవచ్చు, గదికి రావలసిన పని లేదు.

వెంకట్రాజం తిరిగొచ్చి వాడలో మళ్ళీ ఇంటింటికీ తిరిగాడు. తలుపు తీయనివాళ్ళ ఇంటి ముందు నిలబడి చెప్పాడు. ఇరవై మంది ఒప్పుకున్నారు, నమ్మకంతో కాదు, వేరే దారి లేక. మీటింగుకు ముందే రమ కెమెరా పెట్టి ఒక్కొక్కరితో ఒద్దని అనిపించి చూసింది. ఆ పని అనుకున్నంత తేలిక కాలేదు. పూలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు చెప్పింది. ఒకాయన "ఒద్దు సార్, తమరి దయ" అన్నాడు, దయ సంగతి తీసెయ్యమని రమ మొత్తుకుంది. "నలభై ఏండ్ల సంసారంల నన్ను రోజుకు పదిసార్లు ఒద్దంటది, గీడ నోరు వస్తలేదు," అన్నాడు వెంకట్రాజం భార్య వంక చూసి. ఆ ఒక్క పూట గదిలో నవ్వు వినిపించింది.

మిగిలింది సోమక్క. ఫోను ఎత్తదు. నిన్న పొద్దున వెంకట్రాజం తొర్రూరు బస్సెక్కి, అక్కడినుంచి చేను దాకా నడిచిపోయాడు. ఆమె సాలు మధ్యలో పత్తి ఏరుతోంది. ఆయన ఒడ్డున నిలబడి అంతా చెప్పాడు. కాగితం సంగతి, గోనెసంచి, రాంప్రసాద్ చెప్పిన దారి, సోమవారం పదకొండు గంటలు. అడుక్కున్నట్టే చెప్పాడు. ఆమె తల వంచుకుని ఏరుతూనే ఉంది. ఆ సాలు అయిపోయింది, పక్క సాలు పట్టింది. తక్కిన కూలీలు పని ఆపి చూశారు. ఆమె ఒక్క మాట అనలేదు.

ఆ ఊరుకోవడానికి అర్థం వెంకట్రాజానికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా నిలబడి, వెనక్కి తిరిగాడు. బస్సు వరంగల్ చేరుతుండగా తట్టింది ఆయనకు. అన్నీ చెప్పాడు గానీ, ఆ రోజు నీ నోరు మూసింది నేనే, తప్పు నాది అన్న మాట చెప్పలేదు. ఆ మాట చెప్పడానికే పోయాడు. చేను ఒడ్డున అదొక్కటే నోటికి రాలేదు. తిరిగి పోదామంటే కాళ్ళు వాచిపోయాయి.

"గదే శ్రావణీ. ఆయన మన అరుగు మీద కూసోని ఇదంత చెప్పి, చిన్నపోరని లెక్క ఏడ్సిండు. రేపే సోమవారం. ఆయన ఫోన్ ఆమె ఎత్తది, నాది గూడ ఎత్తది, నేను గూడ ఆ దినం ఇరవై ఒక్కలల్ల తల వంచినోన్నే. నీది ఎత్తుతది, నీ మీద ఆమెకు కోపం లేదు. ఆడ్నే చేన్ల నిలవడి, ఫోన్ల మొహం జూపి ఒద్దని ఒక్క మాటంటె సాలు. ముందుగాల వెంకట్రాజం తప్పు తనదే అన్నడని చెప్పు. అటెన్క గిది మొత్తం, నేను చెప్పింది చెప్పినట్టు, సోమక్కకు చదివి వినిపియ్యి బిడ్డా. ఆమె ఏం మాట్లాడకపోయినా నువ్వు ఫోన్ పెట్టెయ్యకు, చదువు."