రాణిగారి కాలరు, అక్క ముఖం తొక్క

అది కాదమ్మా మనవరాలా, జెలటిన్ పొడి జెల్లీకి తప్ప మరెందుకూ పనికిరాదని నీకెవరు చెప్పారు? మీ చిన్నమ్మమ్మ ఉద్యోగం నిలబెట్టింది ఆ పొడే. నేను నిదానంగా చెబుతాను, నువ్వు నిదానంగా రాయి. మధ్యలో నవ్వావంటే అక్షరాలు వంకరపోతాయి.

మీ చిన్నమ్మమ్మ అప్పుడే నాటకశాల కుట్టుగదిలో చేరింది. పనితనం చూశాకే ఉంచుకుంటామన్నారు. ఆ గదికి పెద్ద ఒక మాస్టరు. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు. అందుకే ఆయనకు మాటలు తక్కువ. ఆమె చేతికి నల్లటి నెట్ గుడ్డ ఇచ్చి, రాణి వేషం వేసే గాయనికి తల వెనక నెమలి పురిలా నిలబడే కాలరు కావాలన్నాడు.

"తీగ మాత్రం పెట్టకు. పోయినసారి మెడకు గుచ్చుకుందని ఆవిడ ఇల్లెక్కి అరిచింది."

చిన్నమ్మమ్మ గంజి పెట్టింది. ఆరాక నల్లటి నెట్ మీద పిండి చల్లినట్టు తెల్ల మరకలు తేలాయి. గంజి పలచన చేసింది. మరకలు పోయాయి గానీ కాలరు వాడిన ఆకులా వాలిపోయింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏం తోచక గుడ్డముక్కలు సంచిలో వేసుకుని అక్క ఇంటికి వెళ్ళింది. అక్కంటే మీ అమ్మమ్మే.

తలుపు తీసిన అక్క ముఖం నూనె రాసిన పలకలా నిగనిగలాడుతోంది.

"ముఖానికేమైందే అక్కా?"

"నవ్వించకు," అంది అక్క పెదాలు కదపకుండా. "జెలటిన్. ఆరాక లాగేస్తే జిడ్డంతా ఊడొస్తుందట."

"వయసు కూడా ఊడొస్తుందా?"

"వస్తే నీకే ఇస్తాలే. నాకన్నా నీకే తక్కువుంది."

ఇద్దరికీ నవ్వాగలేదు. అక్క నుదుటి మీద పొర చిట్లింది. అక్క దాన్ని ఒలిచి బల్ల మీద పడేసింది. చిన్నమ్మమ్మ దాన్ని తీసి కిటికీ వెలుతురులో పట్టుకుంది. గాజులా ఉంది. నుదుటి ముడతలు కూడా అచ్చుపడ్డాయి. సంచిలోంచి నల్లగుడ్డ తీసి, దాని మీద ఆ పొరను పెట్టింది. పొర ఉన్నట్టే కనబడలేదు. వేలితో వంచి వదిలితే టక్కున లేచింది.

"ఇదేం పొడే? దీంతో ఇంకేం చేస్తావు?"

"జెల్లీ చేస్తా. జుట్టు మాట వినకపోతే కాస్త రాస్తా. మిగిలిన నీళ్ళు కుండీల్లో పోస్తా. మొన్న మీ బావ దీంతో కవర్లంటించబోయి వేళ్ళంటించుకున్నాడు."

ఆ చివరి మాట రాయకమ్మా, ఆ బావను నేనే. సరే, రాసేశావు కదా, ఉండనీ.

చిన్నమ్మమ్మ ఆ పొడి కాస్త ఇంటికి తెచ్చుకుంది. గంజికి అలవాటుపడ్డ చేయి కదా, ఎంత మరిగితే అంత గట్టిదనమనుకుని పొడిని కుతకుతా ఉడికించింది. కాలరు ముంచి, బోర్లించిన గిన్నె మీద పరిచి ఆరబెట్టింది. మరక లేదు, నిజమే. బిగువూ లేదు.

అక్కకు చెబితే తల పట్టుకుంది. "అది గంజి కాదే తల్లీ, మరిగితే దాని బలం పోతుంది! ముందు చన్నీళ్ళలో నాననివ్వు. ఉబ్బాక వేడినీళ్ళు పోసి కరిగించు. అంతే."

"ముందే చెప్పొచ్చుగా?"

"అడగనిదే అమ్మైనా పెట్టదు."

ఈసారి చిన్నమ్మమ్మ ముందు గుడ్డముక్కల మీద చూసుకుంది. చిక్కగా పెట్టిన ముక్క ఎండుటాకులా పెళపెళలాడింది. కాస్త పలచగా పెట్టిన ముక్క వంగి లేచింది. ఆ పాళ్ళలోనే కాలరు ముంచింది. అది నిలబడింది.

నిలబడిందని సంబరపడేలోపే రిహార్సల్ వచ్చింది. గాయని సగం పాట పాడేసరికి మెడ చెమట పట్టి కాలరు వెనకవైపు జారింది. మాస్టరు నోట్లోంచి గుండుసూదులు తీశాడు.

"ఏం పెట్టావమ్మా దీనికి?"

"జెల్లీ పొడండీ."

"రాణిగారి మెడకు చీమలు పడతాయేమో!" అన్నారెవరో. అందరూ నవ్వారు.

"తీపి లేదండీ. రుచీ పచీ లేని పొడి."

మాస్టరు నవ్వలేదు. "ఎల్లుండే నాటకం. ఇది మళ్ళీ జారితే నేను నిన్ను ఉంచుకోలేను," అన్నాడు.

ఆమె కాలరును ఒళ్ళో పెట్టుకుని అంగుళం అంగుళం తడిమి చూసింది. పైనంతా బిగువుగానే ఉంది. చర్మానికి తగిలిన చోటే మెత్తబడింది. నీళ్ళలో కరిగిందే కదా, చెమటకు ఊరుకుంటుందా? కింది కుట్లు విప్పింది. నూలుగుడ్డను మడతపెట్టి, జెలటిన్ తగలనీయకుండా మెడపట్టీ కుట్టింది. చెమట ఏదైనా ఉంటే అదే తాగుతుంది. నెట్‌ను మళ్ళీ ముంచి, గిన్నె మీద పరిచి, ఫ్యాను కింద ఆరబెట్టి, అప్పుడు పట్టీకి కలిపింది.

నాటకం రోజు తెర పక్కన నిలబడి ఆ మెడనే చూసింది. పాట ఒక్క ముక్క వినలేదు. గాయని తల వెనక్కి వాల్చింది, కాలరు వంగింది. తలెత్తింది, అదీ లేచింది. చివరిదాకా అంతే.

తర్వాత మాస్టరు కాలరు అంచు వేలితో వంచి వదిలాడు. మళ్ళీ వంచి వదిలాడు. చిన్నపిల్లాడికి బొమ్మ దొరికినట్టే.

"ఇది ఇంకెందుకు పనికొస్తుంది?"

"జుట్టుకండీ, కుండీలకండీ, ముఖానికండీ."

మాస్టరు చెంప తడుముకున్నాడు. "ముఖం సంగతి తర్వాత. రేపొచ్చేటప్పుడు ఒక డబ్బా పట్రా. గంజి డబ్బా పక్కన పెడదాం. నీ కత్తెర ఇక్కడే ఉంచెయ్. రోజూ ఇంటికి మోసుకెళ్ళడం దేనికి?"

అదమ్మా సంగతి. ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఇది మీ చిన్నమ్మమ్మకు మొత్తం చదివి వినిపించు. కాలరు ఆరబెట్టింది గిన్నె మీదా, బకెట్టు మీదా అని అడుగు. నాకు గిన్నె అనే గుర్తు. తప్పైతే తిడుతుంది, తిట్టనీ. ఆ తిట్లు కూడా కింద రాసి పట్రా.