బొంగురు పాట

ఆ ఇంట్లో కొత్త పాట గట్టెక్కాలంటే అమ్మ కూనిరాగం తీయాలి. ముందు గదిలో అమ్మ ఇస్త్రీ దుకాణం, వెనక గదిలో పిల్లల బ్యాండు, మధ్యలో తలుపుకు బదులు ఒక తెర. కొత్త పాట కట్టినప్పుడల్లా వెనక ఒకసారి వాయించి, ఆపేసి, అందరూ చెవులు రిక్కించుకుని కూర్చుంటారు. అమ్మ చొక్కాలు మడతపెడుతూ తనకు తెలియకుండానే ఆ పాటను అందుకుందా, అది స్టేజీ ఎక్కుతుంది. అందుకోలేదా, ఎంత చెమటోడ్చి కట్టిన పాటైనా చెత్తబుట్టలోకే. "బాగుందిరా" అని ఆవిడ నోటితో మెచ్చుకుంటే లెక్కలోకి రాదు. పిల్లలు ఏం వాయించినా కన్నతల్లి మెచ్చుకుంటుంది. కూనిరాగం మాత్రం మొహమాటానికి రాదు.

బ్యాండుకు పెద్ద, అన్నయ్యే. లీడ్ గిటార్ అతనిదే, పాడే గొంతూ అతనిదే, స్టేజీ నడిమధ్య చోటూ అతనిదే. డ్రమ్ములు బావవి, కీబోర్డు మాస్టారిది. చెల్లెలిది బేస్ గిటార్, నాలుగు లావుపాటి తీగల వాద్యం. చిన్నప్పటినుంచీ ఆమెది బరువైన గొంతు. ఫోన్ ఎత్తితే అవతలివాళ్ళు "బాబూ, అమ్మగారున్నారా?" అనేవాళ్ళు. అందుకని అన్నయ్య ఆమెకు 'బొంగురు' అని పేరు పెట్టాడు, అదే ఖాయమైపోయింది. వాద్యాల కొట్లో మొదటిసారి బేస్ తీగను మీటినప్పుడు, లోకంలో తనలా మాట్లాడేది ఒకటి దొరికిందని ఆ పిల్ల ఎంత పొంగిపోయిందో చెప్పలేం. తీరా వాయించడం మొదలెట్టాక తెలిసింది దాని బతుకేమిటో. మోగినంతసేపూ ఎవరికీ పట్టదు. ఆగితే మాత్రం ఇల్లు కూలిపోయినట్టు అందరూ వెనక్కి తిరిగి చూస్తారు.

ఊళ్ళో కొత్తగా కట్టిన హాలు ప్రారంభానికి వీళ్ళ బ్యాండును పిలిచారు, ఒక్క పాటైనా కొత్తది ఉండాలన్నారు. అన్నయ్య కట్టినవేవీ తెర దాటలేదు. అప్పుడు బొంగురు తన పాట బయటపెట్టింది. అందులో రాగమంతా బేస్ మీదే నడుస్తుంది, మిగతావాళ్ళది పక్క వాయిద్యమే.

"ట్యూను బంగారంలా ఉందే! నా గిటార్‌కి ఇచ్చెయ్" అన్నాడు అన్నయ్య.

"ఇవ్వను. అది బేస్ కోసం కట్టిన పాట."

"పునాదిని తీసుకెళ్ళి మేడ మీద పెడతానంటావేంటే? బేస్ కింద ఉండాలి. జనం వినేది పైది."

"జనం సంగతి తర్వాత. అమ్మ ఏది అందుకుంటే అది."

సరేనన్నాడు. రెండు రకాలుగానూ వాయించాలి. అమ్మ గిటార్ పాటను అందుకుంటే అది అతనిదైపోతుంది, మళ్ళీ మాట్లాడకూడదు. ఏదీ అందుకోకపోతే ఆ పాటకు నూకలు చెల్లినట్టే.

ముందు అన్నయ్య వాయించాడు. బాగానే వాయించాడు, కాదనడానికి లేదు. కానీ సన్న తీగల మీద ఆ రాగం పొట్టివాడు మునివేళ్ళ మీద నిలబడి పెద్దవాళ్ళతో మాట్లాడుతున్నట్టుంది. ఆపేసి చెవులు రిక్కించారు. ఇస్త్రీపెట్టె బుస్సుమంది.

"అయిపోయిందా?" అని అడిగింది అమ్మ.

తర్వాత బొంగురు వంతు. ఒక్క స్వరమూ తప్పు పోకుండా వాయించింది. ఆపింది.

"ఏరా, లోపల బీరువా జరుపుతున్నారా? గోడకి తగలకుండా చూడండి" అంది అమ్మ.

అన్నయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. డ్రమ్ములు వాయించే బావ తల దించుకున్నాడు గానీ భుజాలు కదులుతూనే ఉన్నాయి. బొంగురుకు ఒళ్ళు మండిపోయింది. పాట పోయిందన్న బాధకంటే, అది వినిపించకుండానే పోయిందన్న ఉక్రోషం ఎక్కువైంది. బేస్ గిటార్ మెడలోంచి తీసి పెట్టెలో పడేయబోతూ, కీబోర్డు మాస్టారి ఎడమచేతి వంక చూసి ఆగిపోయింది.

పాట ఆగినా ఆ చెయ్యి ఇంకా కీబోర్డు మీద కింది స్వరాల మెట్ల దగ్గరే తచ్చాడుతోంది. మాస్టారు ఎంత ఒద్దికైన మనిషో, ఆ ఎడమచెయ్యి అంత ఆగనిది. ఏ పాటైనా సరే, బేస్ వాయించేదంతా అదీ వాయిస్తుంది. బావ కాలి కింది పెద్ద డ్రమ్ము సంగతీ అంతే, బేస్ తీగ మోగిన ప్రతిచోటా ధబ్బున వచ్చి మీద పడుతుంది. ముగ్గురూ ఒకే ఇరుకులో తోసుకుంటుంటే ఇక వినిపించేది బీరువా చప్పుడే. ఇన్నాళ్ళూ ఎవరు మీద పడ్డా తనే ఒదిగి పక్కకు జరిగేది. ఈ పాటలో జరగడానికి లేదు.

"మాస్టారూ, ఎడమచెయ్యి జేబులో పెట్టుకోండి" అంది.

ఆయన బిత్తరపోయాడు. "జేబు చిరిగిందమ్మాయ్."

"అయితే దాని మీద కూర్చోండి. బావా, నువ్వు ఆ కాలు తీసి నేల మీద పెట్టు. పెద్ద డ్రమ్ము వద్దు, చేత్తో మెల్లగా వాయించు చాలు."

"మరి నేను?" అన్నాడు అన్నయ్య, ఇంకా నవ్వుతూనే.

"నువ్వు వాయించకు."

అన్నయ్యతో ఆ మాట అన్నవాళ్ళు అప్పటిదాకా పుట్టలేదు.

"ఊరికే కూర్చోవాలా?"

"ఊరికే కాదు. వినాలి."

మాస్టారు బుద్ధిగా చేతిని తొడ కింద పెట్టుకున్నాడు. బొంగురు మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి చోటు దొరికింది. రాగం నేల మీద నింపాదిగా అడుగులేస్తూ బయల్దేరి, గోడల్నీ కుర్చీల్నీ పలకరించుకుంటూ తెర దాకా వెళ్ళింది. తన గొంతు ఇంత బాగుంటుందని ఆమెకే తెలియదు. ఆఖరి స్వరం అణిగిపోయింది.

ముందు గదిలో ఎవరో బట్టలు తీసుకుని వెళ్ళారు. తలుపు మూసుకుంది. ఆ వెనకే అమ్మ కూనిరాగం మొదలైంది, ఎక్కడా తడబడకుండా, అదే రాగం, అంత కింది స్థాయిలోనే.

బావ ఈల వేశాడు. మాస్టారు చెయ్యి తీసి చప్పట్లు కొట్టాడు. అన్నయ్య మాత్రం తెర దగ్గరికి వెళ్ళి, అమ్మ చొక్కా కాలర్ నొక్కుతూ పాడుకుంటున్నంతసేపూ నిలబడి విన్నాడు. వెనక్కి వచ్చి, "సరే, నీ పాటే" అన్నాడు. అంతే. ఆ మాట మనస్ఫూర్తిగా అన్నాడో, పందెం ఓడి అన్నాడో ఆమెకు అంతుపట్టలేదు.

హాలు కిక్కిరిసిపోయిన సాయంత్రం కూడా అంతుపట్టలేదు. పాత పాటలన్నీ అయి, కొత్త పాట వంతు రాగానే అన్నయ్య గిటార్ స్టాండుకు తగిలించి, ఎవరితోనూ మాట్లాడకుండా స్టేజీ దిగిపోయాడు. ఉత్త చేతులతో నిలబడటం నామోషీ అనుకున్నాడు కాబోలని ఆమె మనసు చివుక్కుమంది. అయినా మొదలుపెట్టింది.

రాగం దుప్పటి కప్పుకున్నట్టు వచ్చింది. హాలు చివర, వాద్యాల శబ్దం పెంచి తగ్గించే మిక్సర్ ముందున్న సౌండు మనిషి, లీడ్ గిటార్ ఎక్కడికి పోయిందా అని మీటలన్నీ వెతుకుతూ, అలవాటు కొద్దీ బేస్ మీట బాగా కిందికి లాగేశాడు. జనం పాట ఇంకా మొదలు కాలేదనుకుని కబుర్లలో పడ్డారు. ఆమె ఆపకుండా వాయిస్తూనే ఉంది.

ఉన్నట్టుండి హాలంతా ఆ రాగంతో నిండిపోయింది. ఆమె తలెత్తి చూసింది. చివర్న, మిక్సర్ దగ్గర, అన్నయ్య. బేస్ మీటను పైకి తోసి, దాని మీద అడ్డంగా చెయ్యి పెట్టి నిలబడ్డాడు. సౌండు మనిషి ఏదో అడిగాడు. అన్నయ్య జవాబు చెప్పాడు, స్టేజీలకు అలవాటుపడ్డ గొంతు కదా, ఆ జవాబు హాలు దాటి స్టేజీ దాకా వినిపించింది.

"గిటార్ లేదయ్యా ఈ పాటలో! అదిగో, మా చెల్లి వాయిస్తోందే, అదే పాట!"

జనం తిరిగి అతన్ని చూశారు, తర్వాత ఆమెను చూశారు. ఆమె స్టేజీ నడిమధ్యకు నడిచి వెళ్ళి, అక్కడ నిలబడి వాయించింది. పాట పూర్తయ్యేదాకా అన్నయ్య ఆ మీట మీదినుంచి చెయ్యి తీయలేదు.