రాత్రి ఊట ఎవరి వంతు

మొదటి సంవత్సరం పిల్లలకు నేను చెప్పే పాఠానికి ఇంజనీరింగు ప్రాథమిక సూత్రాలు అని పేరు. యంత్రాలేవీ అందులో ఉండవు. ఒక సమస్య ఎదురైతే మనకేం తెలుసు, ఏం తెలియాలి, మధ్యలో మనం ఏం ఊహించుకుంటున్నాం అని రాసుకోవడం, ఆ తరువాతే లెక్క మొదలుపెట్టడం, అంతే. వచ్చిన జవాబును అనుమానించాలని కూడా చెప్తాను. ముందు కొలతను, తరువాత కొలిచిన పనిముట్టును, ఆ తరువాత మన ఊహను. మనిషిని అన్నిటికన్నా చివర.

పుస్తకంలో లెక్కలన్నీ ఇంగ్లండు బొగ్గుగనుల మీద ఉండేవి. ఆ ఏడు వాటిని పక్కన పెట్టి, కపిల తోలే ఎద్దులు ఎంత పని చేస్తాయో కొలుద్దామని పిల్లలను హంద్రి ఒడ్డున ఒక పల్లెకు తీసుకుపోయాను. తోలు బానను మోకుకు కట్టి బావిలోకి వదులుతారు. ఎద్దులు వాలు మీద కిందికి నడిస్తే నిండిన బాన పైకి వచ్చి కాలువలో కుమ్మరిస్తుంది. నీళ్ల బరువు, బావి లోతు, పట్టిన సమయం తెలిస్తే చాలు, లెక్క అయిపోతుంది.

అది భూమి కొలిచే గొలుసు పట్టుకుని తిరగవలసిన కాలం కాదు. కర్నూలు రాజధాని అయి ఎంతో కాలం కాలేదు, ఆఫీసులు చాలామటుకు డేరాల్లోనే ఉన్నాయి. కొలిచేవాడు కనిపిస్తే చాలు, భూమి పోతుందనుకునేవారు జనం.

మేం ఎంచుకున్న బావి రెండు ఇళ్లది. ఒక ఇల్లు బొజ్జన్నది. రెండోది చనిపోయిన అతని తమ్ముడి భార్య ఈరక్కది. తండ్రి పోతూ పోతూ పగటిని చెరిసగం చేసి పంచాడట. పొద్దు పొడిచినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా పెద్దవాడి వంతు, అక్కడి నుంచి పొద్దు గూకేదాకా చిన్నవాడి వంతు. చీకటి పడ్డాక ఎవరూ తోడకూడదు.

బొజ్జన్న మమ్మల్ని కొలవనిచ్చాడు గాని పక్క నుంచి కదల్లేదు. మమ్మల్ని ఎవరు పంపారని మాటిమాటికీ అడిగాడు. మధ్యాహ్నం ఈరక్క తన ఎద్దులతో వచ్చి, మేం ఆయన పక్కన నిలబడి ఉండటం చూసింది. ఆ ఊళ్లో తమ్ముడి భార్య బావగారితో ఎదురుగా మాట్లాడదు. ఆయనకు వినిపించవలసింది నన్ను అడిగింది.

“మా బావ మిమ్మల్ని యాడ్నుంచి పిలిపించినాడప్పా?”

ఎవరూ పిలిపించలేదని, ఇది పిల్లల చదువని చెప్పాను.

“చదువుకు మా బావి తప్ప ఇంకోటి దొరకలేదా?”

బొజ్జన్న గిలక వైపు చూస్తూ, అతనూ నాతోనే అన్నాడు. “ఆయమ్మే పిలిపించిందేమోనని నేననుకుంటాండా సామీ.”

ఇంత అనుమానంలోనూ ఈరక్క తన సద్దిలో నుంచి ఒక జొన్నరొట్టె, కాస్త ఊరిబిండి పచ్చడి తీసి నా ముందు పెట్టింది. తిన్నావా అని అడగలేదు, నా ముఖం చూసి పెట్టింది. నా భార్య సుందరలక్ష్మి పోయిన తరువాత మధ్యాహ్నపు భోజనం సంగతి నా ముఖంలో చదివినవాళ్లు లేరు.

అసలు విషయం మా విద్యార్థి ఉరుకుందు చెప్పాడు. అతనిది పక్క ఊరే. ఈరక్క వంతులో బాన సగం నీళ్లు, సగం బురదతో వస్తోంది. మిరపతోట వాడిపోతోంది. బావ రాత్రిళ్లు దొంగతనంగా తోడుతున్నాడని ఆమె పెద్దమనుషుల ముందు అనేసింది. బొజ్జన్న పౌరుషానికి పోయి, వచ్చే గురువారం ఈరన్నస్వామి గుడిలో దీపమార్పి ప్రమాణం చేస్తానన్నాడు. ప్రమాణం జరిగిందా, ఆ రెండు ఇళ్ల మధ్య నీళ్లూ నిప్పూ నడవవు. బావి ప్రమాణం చేసినవాడికే దక్కుతుంది. బావి పోతే ఆమె పొలం అమ్ముకోవాలి. ఆమెకున్నది ఆ పొలం ఒక్కటే.

మా లెక్కలు ఆ మంటలో నెయ్యి పోశాయి. పొద్దున కొలిచిన జట్టుకు ప్రతి బానా నిండుగా వచ్చింది. మధ్యాహ్నం కొలిచిన ఉరుకుందు జట్టుకు అందులో సగం కూడా రాలేదు. బొజ్జన్న నన్ను పక్కకు పిలిచి మెల్లగా అడిగాడు.

“మజ్జాన్నం కొలిసినోడు పక్కూరోడంట గదా. ఆయమ్మకు సుట్టమేమో ఇచారించినావా సామీ?”

విచారించలేదు. కాని ఆ మాట నాలోనూ దిగింది. ఉరుకుందు వైపు చూశాను. అతను నా చూపు కనిపెట్టి, త్రాసును తెచ్చి నా చేతిలో పెట్టి, తరువాతి బాన నీళ్లు కడవలకెత్తి నన్నే తూచమన్నాడు. నేను వంగి తూస్తున్నంతసేపూ నా తల మీద ఎండ పడకుండా పక్కన నిలబడ్డాడు. బరువు అతను చెప్పినంతే ఉంది.

శనివారం తరగతిలో పిల్లలు కొలతను అనుమానించారు, పనిముట్టును అనుమానించారు. రెండూ నిలిచాయి. మిగిలింది ఊహ. బోర్డు మీద నేనే రాయించిన మొదటి ఊహ, బావిలో నీటిమట్టం రోజంతా ఒకటే అని. అది తప్పు. మట్టం తగ్గుతోంది. కాని తగ్గడానికి పగలు తోడటం ఒక్కటే కారణమా, రాత్రి కూడా ఎవరైనా తోడుతున్నారా? తెలియాలంటే ఎవరూ తోడనప్పుడు ఊట ఎంత వేగంగా పెరుగుతుందో కొలవాలి. పగలంతా ఎవరో ఒకరు తోడుతూనే ఉంటారు గదా అన్నాను.

“సోమవారం తోలరు సార్,” అన్నాడు ఉరుకుందు. “సోమవారం ఎద్దుల మీద కాడి పెట్టరు. బసవన్న దినం.”

ఆదివారం పొద్దు గూకేవేళకు పోయి, బావిలో గుర్తులు పెట్టిన వెదురుబొంగు దింపాం. ఈరక్క వంతు అప్పుడే ముగిసింది, అడుగున బురద కనిపిస్తోంది. బొంగును ఎవరైనా పైకి లాగుతారని ఇద్దరికీ అనుమానం. అందుకని బొజ్జన్న తన తలగుడ్డ పీలికతో ఒక కట్టు కట్టాడు, దాని మీద ఈరక్క తన ముడి వేసింది. తెల్లవారి చూస్తే రెండు ముళ్లూ అలాగే ఉన్నాయి. నీళ్లు బొంగు నడుం దాకా వచ్చాయి.

సోమవారమంతా ఆ బావి చుట్టూ జనమే. నీళ్లు పెరగడం ఎప్పుడూ చూడనట్టు చూశారు. పిల్లలు గడియారం పట్టుకుని మట్టం రాసుకున్నారు. మట్టం పెరిగేకొద్దీ ఊట నిదానిస్తుంది, ఆ తగ్గుదలను కూడా లెక్కలోకి తీసుకున్నారు. రాత్రి ఎవరైనా ఓ మోస్తరుగా తోడి ఉంటే పగటి ఊటకూ రాత్రి ఊటకూ పొంతన కుదిరేది కాదు. కుదిరింది. మేం ఎవరికీ చెప్పకుండా వచ్చిన మొదటి రోజు పొద్దున కొలిచిన మట్టం కూడా దాంతో సరిపోయింది. రాత్రి ఎవరూ తోడలేదు.

ఆ మాట పెద్దమనుషుల ముందే చెప్పాను. బొజ్జన్న తుండు దులిపి భుజాన వేసుకున్నాడు. ఈరక్క ముఖం చిన్నబోయింది. అయితే లెక్క అక్కడితో ఆగలేదు. మిగిలింది చెప్పమని ఉరుకుందును లేపాను.

అతను బావి గట్టు మీద నిలబడి, వాళ్ల మాటలోనే చెప్పాడు. బొజ్జన్న వాళ్ల నాయన పగటిని పంచినాడు గాని రాత్రిని పంచలేదు. రాత్రి ఎవురూ తోడరు గదా, దానికి పాలెందుకని అనుకోని ఉంటాడు. కాని రాత్రి ఊరిన నీళ్లు యాడికీ పోవు. పొద్దున్నే ఎవురు తోల్తే వాళ్లవే. వానలు బాగా పడినప్పుడు తేడా తెలియలేదు. ఈ రెండేండ్ల కరువులో తెలుస్తాండాది.

అప్పుడు ఈరక్క నాతో అంది. “అయితే మా బావ దొంగ కాదు. నేనన్నమాట తప్పే. కానీ రాత్రంతా ఆయన పాలికే పోయిందని ఆయనకు ఇన్నేండ్లూ తెలీదా, అడగప్పా.”

బొజ్జన్నకు నిజంగా తెలియదనే నా నమ్మకం. నిండు బావిని చూస్తూ లేచేవాడికి అది ఎందుకు నిండిందన్న ఆలోచన రాదు. కాని ఆ ప్రశ్న నలుగురిలో పడేసరికి అతను బిగుసుకుపోయాడు.

“కాయితం మీద లెక్క ఎవుడైనా ఏస్తాడు,” అన్నాడు. “రేపట్నుంచి పొద్దున ఆయమ్మను తోలుకోమను. మజ్జాన్నం నేను తోల్తా. నా ఎద్దులు, నా బాన. నిజమేందో ఎల్లుండికి తేల్తాది. తేలకపోతే గురువారం గుడి ఉండనే ఉండాది.”

మంగళవారాన్ని లెక్కలోకి తీసుకోవద్దని, సోమవారం విశ్రాంతి వల్ల ఆ రోజు నీళ్లు ఎక్కువగా ఉంటాయని, బుధవారమే చూడమని చెప్పాను. అతను నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

“మంగళారం వద్దంటాండావు. ఎందుకు సామీ? ఆ రోజు నీ లెక్క తప్పుతాదా?”

మరి ఈరక్కకు ఇంకో అనుమానం. పెద్దవాడి వంతు తను లాక్కుందని రేపు ఊరంతా చాటిస్తాడేమోనని. మార్పు తను అడగలేదని పెద్దమనుషుల చేత పలికించుకున్న తరువాతే ఒప్పుకుంది.

బుధవారం తరగతులు ముగించి సైకిలు మీద పోయాను. మరునాడు గుడి. దారంతా నాకు స్థిమితం లేదు. నేను చేరేసరికి బొజ్జన్న వాలు మీద ఎద్దులను తోలుతున్నాడు. ఈరక్క తన మిరప గట్టు మీద కూర్చుని చూస్తోంది. పొద్దున ఆమెకు బానలు నిండుగానే వచ్చాయని కాలువ తడి చూస్తేనే తెలుస్తోంది.

బొజ్జన్న బాన పైకి వచ్చింది. సగం కంటే తక్కువ. అతను ఎద్దులను కొంచెం వెనక్కి ఎక్కించి మళ్లీ వదిలాడు. మోకు బిగింపు చూశాడు. బానకు చిల్లేమైనా పడిందేమోనని చేయి పెట్టి తడిమాడు. ఈసారి నీళ్లతో పాటు రాళ్ల చప్పుడు కూడా వచ్చింది. ఎద్దులు ఆగిపోయాయి. అతను వాటిని అదిలించలేదు. కాడి దించి, వాటి మెడలు రుద్దుతూ చాలాసేపు నిలబడ్డాడు.

తరువాత నా దగ్గరికి వచ్చాడు, కాని గొంతు మిరప గట్టు దాకా వినబడేటట్టు మాట్లాడాడు.

“రేపు గుడికి బండి కట్టొద్దని చెప్పు సామీ. ఒక వారం పొద్దున నాది, ఒక వారం ఆయమ్మది.”

ఈరక్క లేచి వచ్చి కొంచెం దూరంలో నిలబడింది. కొంగు సవరించుకుంది. ఆమె ముఖంలో సంతోషం కోసం వెతికాను, కనిపించలేదు. కాని రేపటి గుడికని సర్దిపెట్టుకున్న బుట్టలోని కొబ్బరికాయను తీసి, రాయి మీద కొట్టి, ఒక చెక్కను నా చేతికిచ్చింది. రెండోదీ నాకే ఇచ్చి, కళ్లతో బావ వైపు చూపించింది. నేను అందించాను. బొజ్జన్న తీసుకున్నాడు.

“మీ పిల్లోళ్లను వారం వారం పంపిస్తావా అప్పా?” అని అడిగింది. “ఆయన పొద్దున తోలే వారం ఖచ్చితంగా రావాల. ఎవురూ కొలవకపోతే ఆయన మల్లా మొదటికొస్తాడు.”

బొజ్జన్న కొబ్బరి నములుతూ ఎటో చూస్తూ అన్నాడు.

“పంపు సామీ. ఆయమ్మ తోలే వారం గూడా పంపు.”

పంపుతానన్నాను. ఇద్దరూ నా మాట నమ్మినట్టు లేరు.