హారన్ బాగానే మోగింది

పసుపు వ్యాపారిని. కొమ్ము విరిచి, చప్పుడు విని, ఎండిందో లేదో చెప్పేస్తాను. ముప్పై ఏళ్లలో ఆ చెవి నన్ను పెద్దగా ముంచలేదు. అందుకే కారు బ్యాటరీని కూడా చెవితోనే తేల్చేశాను.

నా భార్య అనసూయకు వారానికి మూడుసార్లు డయాలసిస్. కోటగిరి నుంచి బయలుదేరి, బోధన్ మీదుగా పొద్దున ఎనిమిదికల్లా నిజామాబాద్ ఆస్పత్రిలో ఉండాలి. ఒక విడత తప్పితే ఆమెకు ఊపిరాడదు.

కార్తీకంలో ఒకరోజు టైర్లలో గాలి కోసం బోధన్‌లో హన్మాండ్లు షాపు దగ్గర ఆగాం. చక్కెర ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా చేసి, అది మూతపడ్డాక బ్యాటరీల షాపు పెట్టుకున్న మనిషి. నేను మళ్లీ స్టార్ట్ చేస్తుంటే బానెట్ మీద చెయ్యి వేశాడు.

"సేటూ, ఇంజను గుంజుకుంట లేస్తుంది. బ్యాటరీకి ఎన్నేండ్లాయె?"

"నాలుగు దాటినయి. ఏమైంది దానికి? ఇను." గట్టిగా హారన్ కొట్టాను.

"హారన్‌కు ఎంత కరెంటు గావాలె సేటూ! బరువంతా ఇంజను తిప్పేటప్పుడే." మీటరు పెట్టి చూపించాడు. తాళం తిప్పగానే ముల్లు పన్నెండు వోల్టుల నుంచి తొమ్మిది కిందికి పడింది. "చలి ముదిరితే లేవది. ఇయ్యాలనే మార్చు."

"పసుపు సీజన్ దాకా నడుస్తది తీ."

వెనక సీట్లో అనసూయ నవ్వింది. "గాయనకు సప్పుడు ఇనుడే తెలుసు తమ్మీ. నన్ను గూడ గట్లనే ఎంచి తెచ్చుకుండు."

నా లెక్క నాకుంది. నడిచే వస్తువును పారేయడం నష్టం. ఇంకో మూడు నెలలు పిండుకుంటే నాకు లాభం. ఆ లెక్కలో అనసూయను కలపలేదు.

నెల తిరక్కుండానే ఒక మంచు పొద్దున తాళం తిప్పితే టక్కుమని ఊరుకుంది. మళ్లీ తిప్పాను. టక్. అనసూయ కాళ్లు అప్పటికే వాచి ఉన్నాయి, మాటకు మాటకు ఆయాసం. బస్సు మెట్లు ఎక్కే ఓపిక లేదు. తెలిసిన రెండు కార్లకు ఫోన్ చేస్తే రెండూ ఊళ్లో లేవు. చివరికి సిగ్గు విడిచి హన్మాండ్లుకు చేశాను.

ఏమైందని కూడా అడగలేదు. "అక్కను లోపల్నే కూసోబెట్టు, చలి తగలనియ్యకు. వస్తున్న."

అరగంటలో స్కూటర్ ముందర కొత్త బ్యాటరీ పెట్టుకుని దిగాడు. చేతులు మంచుకు కొంకర్లు పోయాయి. పాతది తీస్తూ, "ఒక్కపారి హారన్ కొట్టు సేటూ, ఇందాం" అన్నాడు. నేను హారన్ జోలికి పోకుండా పాత బ్యాటరీ అందుకున్నాను. క్లాంపులు బిగించాక ఒక్క తిప్పుకే ఇంజను లేచింది.

ఎనిమిదిన్నరకు చేరాం. ఫోన్ చేసి చెప్పానని నర్సు బెడ్డు ఎవరికీ ఇవ్వకుండా ఆపింది. అనసూయ ఊపిరి కుదుటపడ్డాక, ఆమె బెడ్డు పక్కనే కూర్చుని, స్పీకరు పెట్టి హన్మాండ్లుకు ఫోన్ చేశాను.

"మంచిగున్నది. నీ పుణ్యం హన్మాండ్లూ. మూడేండ్లు నిండంగనే మళ్ల మార్చెయ్. నేను వద్దన్నా ఇనకు."

"నీతోని నా వల్ల కాదు సేటూ. అక్క నంబరియ్యి, ఆమెకే చెప్త."

నంబరు నేను చెప్పక ముందే అనసూయ సూదులు లేని చెయ్యి చాపి, నా ఫోన్ తీసుకుంది.

"రాసుకో తమ్మీ," అంది.