అయ్యగారి దగ్గు

మా ఆయన పాస్టరు పనినుంచి రిటైరైన రోజు సంఘమంతా ఏడ్చింది. నేను ఏడవలేదు. అమ్మగారి కంట తడి అయినా లేదని కొందరు ఆడవాళ్ళు చెవులు కొరుక్కున్నారట. కొరుక్కోనివ్వండి. నా లోపల ఎంత సంబరంగా ఉందో వాళ్ళకేం తెలుసు!

పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను మందిరంలో ఒంటరిగానే కూర్చున్నాను. ముందు వరసలో కుడి చివర, అది పాస్టరుగారి భార్య చోటు. మిగతా మొగుడూ పెళ్ళాలు ఒకరినొకరు ఆనుకుని కూర్చుని, ఒకే పాటల పుస్తకాన్ని చెరో పక్కా పట్టుకుని పాడుతుంటే, నా పుస్తకం నేనొక్కదాన్నే పట్టుకునేదాన్ని. మా ఆయన ఎదురుగా మెట్లెక్కి పైన ఉండేవారు. సంఘంలో అందరికీ ఆయన దగ్గరివారే, నాకు మాత్రం ఆదివారమంతా దూరపు చుట్టం.

రిటైరయ్యాక పాస్టరు బంగళా ఖాళీ చేసి, మందిరం వెనక వీధిలో చిన్న వాటా అద్దెకు తీసుకున్నాం. ఆ ఆదివారం మొదటిసారి ఇద్దరం కలిసి మందిరానికి నడిచాం. అంతకుముందు ఆయన పొద్దున్నే వెళ్ళిపోయేవారు. ఇంటికి తాళం వేసి వెనకాల పరుగెత్తడం నా వంతు.

గుమ్మంలో ఆయన ఆగిపోయి, "ఎక్కడ కూర్చోవాలి?" అని నన్నడిగారు.

అన్నేళ్ళు ఆ హాల్లో నిలబడి మాట్లాడిన మనిషికి అందులో కూర్చోవడం తెలీదు! ఖాళీ కనబడింది కదా అని టైలరుగారి చోట్లో కూర్చున్నారు. టైలరుగారు మా సంఘ పెద్దల్లో పెద్ద. దర్జీ కొట్లో అయినా మందిరంలో అయినా ఏదీ కొలత తప్పకూడదు ఆయనకు. తన చోట్లో అయ్యగారిని చూసి, లేవమనలేక, ఇంకోచోట కూర్చోలేక, తలుపు దగ్గరే కొయ్యబారిపోయారు. నేను మా ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని లేపి, వెనక వైపు ఖాళీగా ఉన్న బెంచీకి లాక్కెళ్ళాను.

మొదటి పాట మొదలైంది. పుస్తకం ఒక పక్క ఆయన పట్టుకున్నారు, ఒక పక్క నేను. నా ఎన్నేళ్ళ కోరికో అది. తీరా ఆయన గొంతెత్తగానే నాకు దిమ్మ తిరిగింది. మా ఆయనకు పాడటం రాదు! రాగం ఒక దారిన పోతుంటే ఈయన ఇంకో దారిన పోతున్నారు. ఇన్నాళ్ళూ ఈ సంగతి నాకెలా తెలీలేదని ఆలోచించి, మైకు పని చూసే మైకన్నయ్యను నిలదీశాను. అతను తల గోక్కున్నాడు.

"పాటలప్పుడు అయ్యగారి మైకు కట్టేసి, పియానో మైకు పెంచేవాణ్ణండీ. ఆయన వచ్చిన కొత్తల్నుంచీ అంతే. దేవుడైతే క్షమిస్తాడు గానీ, జనం ఊరుకోరు కదమ్మగారూ!"

ఇక కొత్త పాస్టరుగారి సంగతి. వయసులో చిన్నవాడు, నెమ్మదస్తుడు. గట్టిగా అరవడు, ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు చెబుతాడు. బాగా చెబుతాడు కూడా. ఆ మాట నేను మా ఆయనతో అంటే, ఆయన కాఫీలో పంచదార తక్కువైందన్నారు.

ఎంత బాగా చెబితే ఏం లాభం, వినేదెవరు? అతను ఒక్కో మాట అనడం, సంఘమంతా మెడలు తిప్పి మా ఆయన మొహం చూడటం! ఈయన తలాడిస్తే వాళ్ళూ తలాడించేవారు. ఈయన మొహం మీది ఈగను తోలుకుంటే, కొత్తాయన ఏదో తప్పు చెప్పాడని గుసగుసలు పోయేవారు.

ఇది చాలదన్నట్టు మా ఆయనకు జలుబు చేసింది.

ఈ జలుబు కథ అర్థం కావాలంటే ఆయన దగ్గు గురించి చెప్పాలి. ప్రసంగం అయ్యాక ఆయన పుస్తకం మూసి, కళ్ళజోడు తీసి, ఖంగుమని ఒక్క దగ్గు దగ్గేవారు. అది వినబడగానే సంఘమంతా చివరి ప్రార్థనకు లేచి నిలబడేది. లేవండి అని ఆయన నోటితో చెప్పగా విన్నవాళ్ళు లేరు. కునుకు తీస్తున్నవాళ్ళు కూడా ఆ దగ్గుకు ఠక్కున లేచేవారు. ఆ దగ్గు వింటూ పుట్టి పెరిగి పెళ్ళిళ్ళు చేసుకున్నవాళ్ళున్నారు మాలో.

ఆ ఆదివారం కొత్తాయన అప్పుడప్పుడే అసలు విషయంలోకి వస్తున్నాడు. మా ఆయన ఖంగుమని దగ్గారు. సంఘమంతా లేచి నిలబడింది. నేనూ నిలబడ్డాను. కాళ్ళు వాటంతటవే లేస్తే నేనేం చెయ్యను? మా ఆయన ఒక్కరే కూర్చుని, "కూర్చోండి, కూర్చోండి" అని రెండు చేతులూ ఊపుతుంటే, దీవిస్తున్నారనుకుని కొందరు తలలు వంచారు. పాపం కొత్తాయన నోరు తెరిచాడు, మూశాడు, చేతిలో మిగిలిన కాగితాలు చూసుకున్నాడు, చివరికి ప్రార్థన చేసి ముగించేశాడు.

మధ్యాహ్నం మైకన్నయ్య ఫోను చేశాడు. "అయ్యగారి జలుబు ఎలా ఉందండీ? తొందరపడి మందులు వాడకండి. ఇవాళ అందరం పెందలాడే భోజనాలు చేశాం."

నవ్వుకున్నాం. తర్వాతి ఆదివారం మళ్ళీ అదే జరిగేసరికి నవ్వు ఎగిరిపోయింది. ఆ సాయంత్రం కొత్తాయన మా ఇంటికి వచ్చి, కుర్చీ అంచున కూర్చున్నాడు.

"అయ్యగారూ, నిజం చెప్పండి. నేను అంత ఘోరంగా చెబుతున్నానా?"

"అయ్యో, లేదు బాబూ! నాకు నిజంగానే జలుబు."

"మీకు జలుబు సరే, వాళ్ళందరికీ ఏమైందండీ?" అని నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "ఇంకెక్కడికైనా పంపమని అడుగుదామనుకుంటున్నాను."

మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

శనివారం టైలరుగారు వచ్చారు, మెడలో టేపుతోనే.

"పెద్దలం కూర్చుని మాట్లాడుకున్నామమ్మగారూ. రేపు కూడా ఇలాగే అయితే, మీరిద్దరూ ఒక ఏడాది పాటు రైలు పట్టాల అవతలి సంఘానికి వెళ్తే బాగుంటుందని... అంటే, మిమ్మల్ని వెళ్ళమంటున్నామని కాదు."

"మరేమంటున్నారు?" అన్నాను.

ఆయన మెడలో టేపు సవరించుకుని లేచారు.

పట్టాల అవతల ఏం జరుగుతుందో నాకు తెలుసు. పెద్ద పాస్టరుగారు వచ్చారని ఈయన్ని తీసుకెళ్ళి పైన కుర్చీ వేసి కూర్చోబెడతారు. నన్ను మళ్ళీ ముందు వరసలో ఒంటరిగా పడేస్తారు. ఈ వయసులో తిరిగి తిరిగి మళ్ళీ అక్కడికేనా?

టైలరుగారు గుమ్మం దాటగానే మా ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"చూడండి. మీరు పైన ఉన్నన్నాళ్ళూ నేనేమీ అనలేదు. ఇప్పుడు మందిరంలో నాకు మీ పక్కన చోటు కావాలి. రేపు దగ్గారంటే ఊరుకోను."

ఆయన నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూశారు. "ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదే!"

"ఎప్పుడు చెప్పను? మాట్లాడేదంతా మీరేనాయె!"

ఆదివారం జేబు నిండా దగ్గు బిళ్ళలతో, నీళ్ళ సీసాతో వెళ్ళాం. ప్రసంగం సగంలో దగ్గు రానే వచ్చింది. ఆయన రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, పళ్ళు బిగబట్టి మింగారు. మొహం ఎర్రబడింది. కళ్ళవెంట బొటబొటా నీళ్ళు కారాయి. ముందు బెంచీలోని నర్సమ్మ వెనక్కి తిరిగి చూసి, "అయ్యగారే ఏడుస్తున్నారే!" అని పక్కావిడతో అంది. ఆ మాట బెంచీ బెంచీకీ పాకింది. ఆయన్నే ఏడిపించిన ప్రసంగమేమిటా అని, మెడలన్నీ మొదటిసారి కొత్తాయన వైపు తిరిగాయి. అతనికి ఎక్కడ లేని ఊపు వచ్చింది. నిజం చెప్పొద్దూ, చివరి మాటలకు నా గుండె కూడా బరువెక్కింది.

"ప్రార్థనకు లేచి నిలబడదాం," అన్నాడు.

ఒక్కరూ లేవలేదు.

మొండితనం కాదు. రెండు వారాలుగా మళ్ళీ దగ్గుకే లేవడం అలవాటైంది, ఇవాళ ఆ దగ్గు వినబడలేదు మరి. అందరూ లేవడానికి సిద్ధంగా బెంచీ అంచుకు జరిగి, మా వైపు చూస్తూ కూర్చున్నారు. కొత్తాయన మళ్ళీ అన్నాడు, ఈసారి గొంతు పీలగా. మా ఆయన ఒక్క దగ్గు దగ్గితే చాలు, అందరూ లేచేవారు. ఆ తర్వాత అతను తన దారి చూసుకునేవాడు, మేము పట్టాలు దాటేవాళ్ళం. ఆయన రుమాలు నోటికి ఇంకా గట్టిగా నొక్కుకుని, దిక్కుతోచక నా వైపు చూశారు.

నేను లేచాను.

హాలంతా కూర్చుని ఉంది, నేనొక్కదాన్నే నిలబడ్డాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన దగ్గాక లేవడమే తప్ప, నా అంతట నేను లేచింది ఆ రోజే. కొత్తాయన నన్నే చూస్తున్నాడు. పక్కన బెంచీ కిర్రుమంది. మా ఆయన లేచి నా పక్కన నిలబడ్డారు. ఆ తర్వాత టైలరుగారు లేచారు, ఆయన వెనక అందరూ లేచారు.

ప్రార్థన అయింది. ఆమేన్ అనడమే తరువాయి, అప్పటిదాకా ఆపుకున్న దగ్గంతా మా ఆయన కడుపారా దగ్గేశారు. ఎవరూ తిరిగి చూడలేదు. నర్సమ్మ అయితే చివరి పాట కోసం పుస్తకంలో పేజీలు తిప్పుకుంటోంది. ఆయన దగ్గు ఆపి, హాలంతా ఒకసారి కలయజూశారు. ఆ చూపుకు నాకు జాలేసింది. సీసా మూత తీసి నీళ్ళిచ్చాను.

తాగి, పాటల పుస్తకం తన పక్క పట్టుకున్నారు. "పాడనా?" అని నెమ్మదిగా అడిగారు.

"పాడండి," అన్నాను. రాగం తప్పి పాడారు, నాకు ఒక్కదానికే వినబడేలా.