బన్నీ ఒప్పుకున్నాడు

కోనసీమలో బొద్దుగా ఉన్న పిల్లాణ్ణి చూస్తే దిష్టి తీస్తారు గానీ డాక్టరుకి చూపించరు. రాజోలులో స్టెల్లా ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ ఆమె కొడుకు బన్నీ బుగ్గ గిల్లి, "పుష్టిగా ఉన్నాడండీ బాబు" అని మెచ్చుకుని పోయినవాళ్లే. పదకొండేళ్లకే వాడు డెబ్బై కిలోలు తూగాడు. ఒకనాడు కడుపునొప్పంటే అమలాపురం తీసుకెళ్లి స్కానింగు చేయిస్తే, లివర్ నిండా కొవ్వు పేరుకుపోయిందని తేలింది. ఫ్యాటీ లివర్ అన్నారు. ఆ మాట వినగానే స్టెల్లాకి పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆమె తండ్రి దానం మాస్టారు పోయింది లివర్ చెడిపోయే. పొట్ట కుండలా ఉబ్బి, కళ్లు పచ్చబడి, నలభై ఎనిమిదేళ్లకే పోయాడు. చర్చిలో సంఘపెద్ద, చుట్ట కూడా ముట్టని మనిషి. అయినా ఊరు ఊరుకుంటుందా? నిప్పు లేనిదే పొగ రాదంది. చాటుగా తాగేవాడంది. ఆ సిగ్గు భరించలేక ఇంట్లోవాళ్లు గుండెపోటని చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఇంటిగుట్టు లంకకు చేటు కదా, ఇరవై ఏళ్లుగా అదే మాట. అందుకే పిల్లల డాక్టరు గాయత్రిగారు "మీ ఇంట్లో ఎవరికైనా లివర్ జబ్బు ఉందాండీ?" అని అడిగినప్పుడు స్టెల్లా నోటికి అలవాటైన జవాబే వచ్చింది.

"లేదండీ."

ఆ మాట అన్న స్టెల్లా హైస్కూల్లో సైన్సు చెప్పే పంతులమ్మ. అంతకుముందు వారమే ఆవిడ పదో తరగతికి వంశపారంపర్యం పాఠం చెప్పింది.

ఆ రోజు నుంచి ఇంట్లో నూనె మూకుడు అటకెక్కింది. బన్నీ పొద్దున్నే కాలవగట్టు మీద ఆయాసపడుతూ నడిచాడు. కొలిచి పెట్టిన అన్నం తిని, ఇంకా ఆకలేస్తే మంచినీళ్లు తాగాడు. మందులు మానలేదు. ఆర్నెల్లలో ఆరు కిలోలు తగ్గాడు. ఇక గండం గడిచిందనుకుంటూ మళ్లీ పరీక్షలు చేయిస్తే, లివర్ ముందుకన్నా పాడైంది. గట్టిపడటం కూడా మొదలైందట. మర్నాడు రమ్మని డాక్టరుగారు కబురు చేశారు.

స్కూలు నుంచి వచ్చీరాగానే స్టెల్లా కొడుకుని నిలబెట్టి అడిగింది.

"చాటుగా ఏం తింటున్నావురా?"

"ఏం తినట్లేదమ్మా."

"బైబిలు మీద చెయ్యేసి చెప్పు."

వాడు చెయ్యేసి మరీ చెప్పాడు. అయినా ఆమె మనసు ఒప్పుకోలేదు. దొంగతిండి అయితే మాన్పించొచ్చు. అది కాకపోతే తనేం చెయ్యగలదు? వంటింట్లో చిక్కుడుకాయలు వలుస్తున్న తల్లి కృపమ్మ దగ్గర చతికిలబడింది.

"నిజం చెప్పమ్మా. నాన్న తాగేవారా?"

కృపమ్మ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. "నువ్వు కూడానా స్టెల్లా? ఇరవైరెండేళ్లు కాపురం చేసేను. ఒక్కనాడూ ఆయన దగ్గర ఆ వాసన లేదే అమ్మా. దేవుడి సాక్షి."

కూతురిగా పొంగిపోవాల్సిన మాట అది. స్టెల్లాకి మాత్రం భయం ఇంకా పెరిగింది. తండ్రి తాగి పోయి ఉంటే ఆ చావు ఆయనతోనే ముగిసినట్టు. తాగకుండానే పోతే, ఆ జబ్బు రక్తంలో ఉన్నట్టు, తన మీదుగా పిల్లాడిదాకా వచ్చినట్టు. తండ్రి తాగుబోతు అయ్యుండాలని, కొడుకు దొంగ అయ్యుండాలని ఆ సాయంత్రం ఆ తల్లి మనస్ఫూర్తిగా కోరుకుంది.

మళ్లీ బన్నీ దగ్గరికి వెళ్లి వాడి భుజాలు పట్టుకుంది. "కొట్టను నాన్నా, తిట్టను కూడా. తిన్నానని ఒక్కమాట చెప్పు."

బన్నీ ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు. "తిన్నానమ్మా," అన్నాడు. "దేవసహాయం కొట్లో. బజ్జీలు. స్కూలు నుంచి వస్తా రోజూ తింటున్నాను."

ఆమె వాణ్ణి గట్టిగా కావలించుకుని ఏడ్చింది. ఆ రాత్రి ఆమెకు ముద్ద దిగింది.

మర్నాడు గాయత్రిగారు రిపోర్టులు చూసి కనుబొమలు ముడిచారు. "బరువు తగ్గేడు, లివర్ మాత్రం దిగజారింది. ఇలా అవ్వకూడదండీ."

"బయట తింటున్నాడటండీ. నిన్న ఒప్పుకున్నాడు."

"అవునా బాబూ?"

"ఆయ్. దేవసహాయం కొట్లో బజ్జీలండి. మొన్న కూడా తిన్నానండి."

"అదీ సంగతి. అవి మానేసి, ఇవే మందులు వాడండి. మూడు నెలలాగి రండి," అంటూ ఆవిడ చీటీ రాసిచ్చారు.

స్టెల్లా చీటీ అందుకుని లేచింది. తలుపు దాకా వెళ్లి ఆగిపోయింది. కాలు విరిగి దేవసహాయం మంచాన పడ్డాడు. వేసవి నుంచీ ఆ కొట్టు తలుపులు తెరవలేదు. స్కూలుకి వెళ్తూ వస్తూ తను రోజూ చూస్తూనే ఉంది.

ఇలాగే వెళ్లిపోవచ్చు. మూడు నెలలు హాయిగా నమ్మొచ్చు. ఆ మూడు నెలలూ పిల్లాడి లివర్ గట్టిపడుతూనే ఉంటుంది. వెనక్కి వచ్చి కూర్చుంది.

"వాడేం తినలేదండీ. ఆ కొట్టు మూసేసి చాలా రోజులైంది. అబద్ధం ఆడింది నేనండీ. మా నాన్నగారు లివర్ జబ్బుతోనే పోయేరు. చుక్క ముట్టని మనిషండీ."

గాయత్రిగారు కలం కింద పెట్టేశారు. "ఈ మాట మొదటిరోజే చెప్పాలి కదండీ!" అని కాస్త గట్టిగానే అని, తర్వాత నెమ్మదించారు. కొన్ని కుటుంబాల్లో ఇది జన్యువుల్లోనే వస్తుందని, అలాంటి పిల్లలకి కొవ్వు కాస్త చేరినా లివర్ తొందరగా దెబ్బతినొచ్చని, ఒకరికి పనిచేసిన మందు ఇంకొకరికి పనిచెయ్యకపోవచ్చని చెప్పారు. జన్యుపరీక్షకి తల్లీకొడుకులిద్దరి రక్తమూ తీయించారు. విశాఖపట్నంలో లివర్ డాక్టరుకి ఉత్తరం రాసిచ్చారు.

"బాగవుతాడాండీ?"

"ఆశ ఉందండీ. మాట మాత్రం ఇవ్వలేను. తిండి జాగ్రత్త మానకండి."

బయట బల్ల మీద బన్నీ మోచెయ్యి మడిచి, దూది నొక్కుకుంటూ కూర్చున్నాడు. స్టెల్లా వాడి పక్కన కూలబడింది.

"తినకుండానే తిన్నానని ఎందుకు చెప్పేవురా?"

"తిన్నానంటే నీకు భయం తగ్గింది కదమ్మా," అన్నాడు బన్నీ. "అన్నం కూడా తిన్నావు."