ఆయుధపూజకు ఆపిన ర్యాకు

కొత్త సర్వర్ అంటే ఉత్త ఇనుప పెట్టె. దాన్ని ర్యాకులో బిగించి, కేబుళ్లు తొడిగి, పక్కన కూర్చుని సిస్టమ్ ఎక్కిస్తేగాని పనికి రాదు. సోమందేపల్లె దాటాక హైవే పక్కనున్న డేటా సెంటర్లో ఆ పని చేసేవాళ్లం ఆరుగురం. నాకు ఈ ఉద్యోగం వచ్చాక ధర్మవరంలో మా నాయన కదిరప్ప మగ్గం అమ్మేశాడు. నేసేవాడు లేని మగ్గం ఇంట్లో చోటు దండగ అన్నాడు.

ఈ ఏడు కంపెనీ ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చింది. పెట్టెకు కరెంటు ఇస్తే చాలు, నెట్‌వర్క్ మీదుగా అదే సిస్టమ్ ఎక్కించేస్తుంది. మేం పొద్దంతా చేసే పని టీ తాగి వచ్చేలోగా అయిపోయేది. మేనేజర్ భరత్‌కుమార్ హిందూపురం షావుకార్ల బిడ్డ. దసరా అయ్యాక మాలో ఒక్కణ్నే ఉంచుతారనీ, ఆ ఒక్కడివి నువ్వేననీ నాతో చెప్పాడు. మిగతావాళ్ల మొహం చూడలేక తల దించుకు తిరిగాను గానీ లోపల సంతోషపడ్డాను. అబద్ధమెందుకు?

ఆయుధపూజ నాడు మా నేతగాళ్లకు ఒక పద్ధతుంది. ఆడుతున్న మగ్గానికి బొట్టు పెట్టం. ఆపి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, పూజయ్యాకే మళ్లీ చెయ్యి వేస్తాం. నేను చేరినప్పటి నుంచి డేటా సెంటర్లోనూ ఏటా ఒక ర్యాకును అలాగే ఆపేవాళ్లం. ఈసారి మా దగ్గర సర్వర్లు పెట్టుకున్న ఒక విత్తనాల కంపెనీది ఆపుదామన్నాను, వాళ్లకు ఆ రోజు సెలవు. భరత్‌కుమార్ సరేనన్నాడు. టెంకాయ ఆయనే కొట్టాడు, హారతి కళ్లకద్దుకున్నాడు. ఆ తర్వాత నేను స్విచ్ వేశాను.

కరెంటు తగలగానే సాఫ్ట్‌వేర్ ఆ సర్వర్లన్నీ కొత్తవే అనుకుంది. లోపలున్నదంతా తుడిచేసి, సిస్టమ్ ఎక్కించి, అంతా సిద్ధమని తెరమీద పచ్చగా చూపించింది. విత్తనాల కంపెనీ దాచుకున్న సమాచారం మొత్తం పోయింది. దానికి పాతదేదో కొత్తదేదో తెలియదని మాలో ఎవరికీ తట్టలేదు.

విచారణకు పెద్దసార్లు వచ్చారు. భరత్‌కుమార్ పూజ ఊసే ఎత్తలేదు. ఓబిలేష్ చెప్పకుండా ర్యాకు ఆపేశాడని నన్ను చూపించాడు. టెంకాయ చిప్ప ఇంటికి పట్టుకుపోయిన మనిషి, నా ముందే కూర్చుని ఆ మాట అన్నాడు. నేను జరిగింది చెప్పబోతే, పూజలు ఇంట్లో చేసుకోవాలని పెద్దసారు నా నోరు మూయించాడు. ర్యాకుల దగ్గరికి ఇక మనుషులే వద్దని, ఆ ఒక్క ఉద్యోగం కూడా తీసేశారు.

మరునాడు గుర్తింపు కార్డు అప్పగించమని భరత్‌కుమార్ పిలిచాడు. తుడిచింది సాఫ్ట్‌వేర్ కదా, దాన్నేం చేస్తారని అడిగాను.

"సరిచేసినాము. ఇంక ఆ తప్పు చెయ్యదు."

"నేనూ చెయ్యను సార్."

"నువ్వు చెయ్యవని ఎట్ల నమ్మేదప్పా?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. నా ఒళ్లు మండింది. కార్డు బల్లమీద పడేసి హైవే మీదికి వచ్చాను. ధర్మవరం బస్సు వచ్చి ఆగింది. నాయనకు ఏం చెప్పాలో తెలియక, దాన్ని పోనిచ్చాను.